ఒకరు విడిచిన టై

మామయ్య మా ఇంటికొచ్చి మూడు వారాలైంది. చీరాల పక్కన పుట్టి, మగ్గం గుంట పక్కనే పాకి పెరిగి, తర్వాత చేనేత సహకార సంఘంలో ముప్పయ్యేళ్ళు బట్ట నాణ్యత చూసే పని చేసిన మనిషి. పిట్స్‌బర్గ్‌లో పొద్దుపోక శనివారం నాతోపాటు థ్రిఫ్ట్ స్టోరుకి వచ్చారు. జనం ఇంట్లో అక్కర్లేని సామాను అక్కడ ఇచ్చిపోతారు. దాన్ని చవగ్గా అమ్మి, వచ్చిన డబ్బుని ఎక్కువ చోట్ల ఏదో ఒక సేవకి వాడతారు. ఇలాంటి దుకాణాల్లో నేను పదకొండేళ్ళుగా పాత టైలు వెతుకుతున్నాను. ఆ రోజు ఐదు దొరికాయి. అన్నీ కలిపి పన్నెండు డాలర్ల లోపే. కారులో మామయ్య ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి వాటిని డైనింగ్ టేబుల్ మీద పరిచేసరికి మొదలైంది. గుర్తున్నంతవరకు రాస్తున్నాను. ఆయన మాటల్లో పదును ఎక్కడా తగ్గించలేదు.

మామయ్య: ముందు అవి అక్కణ్ణించి తియ్యి. అన్నం తినే చోటు.

నేను: శుభ్రంగానే ఉన్నాయి మామయ్యా.

మామయ్య: మురికి సంగతి కాదురా. ఎవరి మెడలోవో అవి. ఆ మనిషి ఉన్నాడో పోయాడో. మీ తాతయ్య పోయినప్పుడు ఆయన పంచెలన్నీ మీ అమ్మమ్మ పదకొండో రోజు దాటకుండా ఇచ్చేసింది. ఒక్క కండువా కూడా ఇంట్లో ఉంచుకోలేదు. నువ్వేమో డబ్బిచ్చి మరీ తెచ్చుకుంటున్నావు.

నేను: ఇచ్చేసింది, నిజమే. కానీ తగలబెట్టలేదుగా. ఎవరో కట్టుకునే ఉంటారు. మన వీధిలోకి పాత చీరలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వచ్చేది, గుర్తుందా? అమ్మ నాలుగు చీరలు ముందేసుకుని ఒక్క గిన్నె కోసం గంటసేపు బేరమాడేది. ఆ చీరలు ఎక్కడో మళ్ళీ ఎవరి ఒంటి మీదకో వెళ్ళినవే.

మామయ్య: లేనివాళ్ళ ఒంటి మీదకి. నీకు లేకనా? అక్కడ ఒక కుర్రాడు నీ పక్కనే నిలబడి టైలు చూశాడు, గమనించావా? ఇంకా ధర చీటీ కూడా తియ్యని ప్యాంటు ఒకటి చేతిలో ఉంది. ఇంటర్వ్యూకో దేనికో వెళ్తున్నట్టున్నాడు. ఆ రెండు డాలర్ల టై అతనికి పెట్టింది. నువ్వు సరదాకి ఏరుకుపోతే అతనికి మిగిలేదేంటి?

(నేను గమనించలేదు. అందుకే ఈ మాట నన్ను పట్టుకుంది.)

నేను: అతనికి మిగలకపోవడమంటూ ఉండదు మామయ్యా. ఆ స్టాండు మీద రెండొందల టైలు ఉన్నాయి. ఆఫీసులకి టై కట్టుకెళ్ళే అలవాటు పోయి చాలాకాలమైంది. ఇళ్ళు ఖాళీ చేసినప్పుడల్లా సంచులకొద్దీ వచ్చి పడుతున్నాయి, కొనేవాళ్ళే లేరు. అయినా ఈ దుకాణాల పుట్టుకే వేరు. 1902లో బోస్టన్‌లో ఎడ్గార్ హెల్మ్స్ అనే మెథడిస్టు ప్రీచరు కలిగినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పాత సామాను పోగేసి, పనిలేని పేదలతో వాటిని బాగుచేయించి, అమ్మించాడు. ఆ కూలితో వాళ్ళు బతికారు. ఇలాంటి దుకాణాలు నడిపే గుడ్‌విల్ సంస్థ అలా మొదలైంది. కొనేవాడు లేకపోతే ఆ కూలి ఎక్కణ్ణించి వస్తుంది? అమ్ముడుపోని బట్ట ఎటు పోతుందో తెలుసా? ముందు తూకానికి అమ్మే కొట్టుకి వెళ్తుంది. అక్కడా పోకపోతే బేళ్ళు కట్టి ఓడెక్కిస్తారు. అలా పోగైన పాతబట్టల్లో కొంత మన కాండ్లా రేవుకే చేరుతుంది. ఉన్నివైతే పానిపట్‌లో చీల్చి, మళ్ళీ దారం తీసి కంబళ్ళు నేస్తారు.

మామయ్య: పానిపట్ కంబళ్ళ సంగతి నాకు తెలుసు. వరదలొచ్చినప్పుడు పంచేవి అవే. సరే, ఆ కుర్రాడి మాట వదిలేశాను. కానీ నువ్వు ఆ కొట్లో చేసిన పని నాకు అర్థం కాలేదు. కళ్ళు ఎటో పెట్టి, గుడ్డివాడిలా చేత్తో తడుముతూ పోయావు.

నేను: రంగు చూస్తే మోసపోతాం. కన్ను ఎర్రటి దాని మీదకో మెరిసేదాని మీదకో పోతుంది. వేళ్ళు మోసపోవు. పాలిస్టరు జారిపోతుంది. పట్టు వేళ్ళకి కాస్త పట్టు ఇస్తుంది, నలిపితే చిన్నగా గరగరమంటుంది. వంద టైలు తడిమితే నాలుగు చోట్ల చెయ్యి ఆగుతుంది. అప్పుడు తిప్పి చూస్తాను. వెడల్పు కొస వెనక లైనింగు ఏమిటి, కుట్టు చేత్తో వేసిందా, ముడి పడే చోట పోగులు తెగాయా, అని. తర్వాత కిటికీ దగ్గరికి పట్టుకెళ్తాను. ట్యూబులైటు కింద నూనె మరకలు కనపడవు. పగటి వెలుగులో ఐమూలగా పట్టుకుంటే సూపు చుక్క కూడా బయటపడుతుంది. ఇక చీటీ రంగు. వారానికో రంగు చీటీ ఉన్నవాటికి సగం ధరే తీసుకుంటారు. పదకొండేళ్ళలో నేను కొన్న ఏ పాత టైకీ ఐదు డాలర్లు దాటలేదు. కొత్త పట్టు టైకి అరవయ్యో డెబ్భయ్యో పెట్టాలి.

మామయ్య: ఏదీ, ఒకటి ఇలా ఇవ్వు.

(ఎర్రమట్టి రంగుది, బాగా వెడల్పుగా, పొట్టిగా ఉన్నదాన్ని ఇచ్చాను. ఆయన దాన్ని మెడ దగ్గరికి తీసుకెళ్ళలేదు. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని సాగదీశారు. వెలుగులో పెట్టారు. అంతే, ముఖం మారిపోయింది.)

మామయ్య: దీన్ని కోసినవాడెవడు? పడుగుకి ఐమూలగా కోశాడు! ఎంత గుడ్డ తగలేశాడో చూడు. నేసినవాడు పడుగుపోగు ఒక్కటి తెగితే మగ్గం ఆపి అతుకుతాడు. వీడు వేల పోగుల్ని అడ్డంగా నరికేశాడు. అందుకే మనవాళ్ళు పంచె అన్నారు, చీర అన్నారు, కండువా అన్నారు. మగ్గం మీంచి దింపింది దింపినట్టు కట్టారు.

నేను: పంచె వేలాడాలి. టై మెలి తిరగాలి, ముడి పడాలి, సాయంత్రం ముడి విప్పాక మళ్ళీ తిన్నగా అవ్వాలి. నిలువుగా కోసిన టై నాలుగుసార్లు కట్టేసరికి తాడులా మెలికపడేది. ఆ బాధ పోగొట్టింది న్యూయార్కులో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన. 1920ల్లో బట్టని నలభై ఐదు డిగ్రీల క్రాసులో కోసి, మూడు ముక్కలుగా అతికి కుట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. క్రాసులో కోస్తే పడుగూ పేకా రెండూ కలిసి సాగుతాయి, కలిసి వెనక్కొస్తాయి. సన్నటి కొసని వేలి మీద వేలాడదీసి చూడండి. తిరక్కుండా తిన్నగా దిగితే కోత సరిగ్గా ఉన్నట్టు. తిరిగిందంటే గుడ్డ మిగుల్చుకోవడానికి కోణం తప్పించినట్టు.

(వేలాడదీశారు. తిన్నగా దిగింది. ఆయనేం మాట్లాడలేదు. వెనక్కి తిప్పి, నడుమ పొడుగునా పోయే కుట్టు చూశారు.)

మామయ్య: ఇది కుట్టా? ఇది టాకా. వేలు దూర్చితే దూరుతోంది. మన ఊళ్ళో దర్జీ జాకెట్టు ఇలా కుట్టి పంపిస్తే మీ అత్త మొహాన కొడుతుంది.

నేను: అదే దీని ప్రాణం మామయ్యా. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే దారం, చేత్తో వదులుగా వేసింది. ఇక్కడ చివర చూడండి, అంగుళమంత దారం ఊరికే వదిలేశారు. మెడ దగ్గర లాగి బిగించినప్పుడు టై సాగితే, ఈ వదిలేసిన దారం లోపలికి పోతుంది. ముడి విప్పితే మళ్ళీ బయటికి వస్తుంది. బిగించి కుట్టి ఉంటే పుట్టుక్కున తెగేది.

మామయ్య: ఊఁ.

(ఆయన ఊఁ అన్నారంటే ఒప్పుకున్నట్టు కాదు. గుర్తు పెట్టుకున్నట్టు. తర్వాత ఒక పని చేశారు. లోపల చిరిగిన చోట వేలాడుతున్న ఒక పోగు లాగి, స్టవ్ వెలిగించి అంటించారు. కాగితంలా ఒక్కసారి భగ్గుమంది.)

మామయ్య: పట్టన్నావు. ఇది పట్టు కాదు. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది, నలిపితే పొడవుతుంది. పాలిస్టరైతే కరిగి ముద్దయ్యేది. ఇది ఆర్టుసిల్కు. నీ వేళ్ళు మోసపోయాయి.

నేను: ఇది మాత్రం తెలిసే కొన్నాను. 1941లో జపాన్ నుంచి పట్టు రావడం ఆగిపోయింది. ఉన్న కాస్త పట్టూ యుద్ధానికి పోయింది. అందుకే 1940ల టైల్లో ఎక్కువ భాగం ఈ ఆర్టుసిల్కే, రేయాన్ అంటారు ఇక్కడ. వెడల్పు నాలుగు అంగుళాల పైన. యుద్ధం అయ్యాక మగవాళ్ళు ఖాకీ విప్పేసి, ఒక్కసారి రంగుల మీద పడ్డారు. ఆకులు, గుర్రాలు, చేత్తో వేసిన బొమ్మలు! పొట్టిగా ఎందుకుందంటే అప్పుడు ప్యాంటు బొడ్డు పైకి కట్టేవాళ్ళు. ఇప్పటివి 57, 58 అంగుళాలుంటాయి. ఇది నడుము దాకా రాదు.

మామయ్య: మరి నువ్వెలా కట్టుకుంటావు?

నేను: పైన స్వెట్టరు వేసుకుంటాను.

మామయ్య: అంటే దాచుకోడానికి కొన్నావన్నమాట. ఎన్నున్నాయి మొత్తం?

(ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. అబద్ధం చెప్పాలనిపించలేదు.)

నేను: నూట నలభై పైన.

మామయ్య: ఆఫీసుకి ఎన్ని కడతావు?

నేను: ఐదారు.

మామయ్య: చూశావా! కోత అన్నావు, కుట్టు అన్నావు, బాగానే ఉంది. వింటే నాకూ ముచ్చటేసింది. కానీ అల్మారాలో చీకట్లో నూట ముప్పయ్యైదు ఉరితీసి పెట్టావు. వాటికి మర్యాద చేసినట్టెలా అవుతుంది? అందులో కొన్నిటికి పురుగు కొట్టే ఉంటుంది.

నేను: మూడింటికి కొట్టింది. ఇంకోటి నా చేతులారా పాడుచేశాను. మొదట్లో తెలియక ఒక మంచి నీలం టైని గోరువెచ్చటి నీళ్ళల్లో ఉతికాను. లోపల ఉన్ని పొర ఉంటుంది, అది ముడుచుకుపోయింది. పైన పట్టు ముడుచుకోలేదు. ఆరాక చూస్తే ఎండిన మునక్కాయలా గణుపులు పడింది. అరవయ్యేళ్ళు ఎవరో జాగ్రత్తగా చూసుకున్నదాన్ని నేను ఒక్క పూటలో చంపేశాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

మామయ్య: బాధపడాల్సిందే.

నేను: కానీ దాచుకోవడం అంతా ఒకటే కాదు. ఈ చారల టై వెనక పట్టీ చదవండి. కాఫ్‌మన్స్. ఇక్కడ ఫిఫ్త్ అవెన్యూ మూల మీద పెద్ద గడియారం ఉంది, మొన్న చూపించాను. ఊళ్ళో ఎవరినైనా కలవాలంటే ఆ గడియారం కింద కలుద్దాం అనుకునేవాళ్ళు. అది ఆ దుకాణానిదే. 2006లో పేరు మార్చేశారు, 2015లో దుకాణమే ఎత్తేశారు. దీని మీద హోర్న్స్ అని ఉంది కదా, అది 1849లో పెట్టిన కొట్టు, 1994లో పోయింది. ఉక్కు మిల్లుల్లో ఫోర్‌మన్లు, గుమాస్తాలు జీతాలందిన వారం అక్కడికెళ్ళి ఒక టై కొనుక్కునేవాళ్ళు. ఇది అలా కొన్నదే అని నేను రుజువు చెయ్యలేను. కానీ ఈ ఊళ్ళో ఆ రెండు పేర్లూ ఇంకా మనిషి ఒంటిని తాకుతున్నాయంటే ఇలాంటి పట్టీల వల్లే. ఇంకో ఆనవాలు కూడా ఉంది. 1960 నుంచి బట్ట ఏ నారతో నేశారో పట్టీ మీద రాసితీరాలని ఇక్కడ చట్టం. ఆ ముక్క లేకపోతే అంతకుముందుదని అనుమానించొచ్చు. తర్వాత వెడల్పు చూస్తాం. రెండంగుళాలకి అటూ ఇటూ ఉంటే అరవైల మొదలు. నాలుగు దాటి, బట్ట పాలిస్టరైతే డెబ్భైలు.

మామయ్య: నీ చదువు నేను కాదనను. నా గొడవ ధరతో. ఇందాకణ్ణించీ దాని దగ్గరికే వద్దామనుకుంటున్నాను. కూర్చో.

(కూర్చున్నాను.)

మామయ్య: ఒక బట్ట మగ్గం ఎక్కాలంటే ఆసు పోయాలి, పడుగు సాగదియ్యాలి, గంజి పెట్టాలి, కండెలు చుట్టాలి. ఇంట్లో ముసలమ్మ దగ్గర్నించి పిల్ల దాకా అందరి చెయ్యీ పడుతుంది. కూలి మాత్రం ఒక్కడి పేరున వస్తుంది. సంఘంలో కూర్చుని ఆ కూలి రాసింది నేనే. పైసలు తగ్గించి రాయమంటే రాశాను కూడా. అందుకే నాకు తెలుసు. నువ్వు రెండు డాలర్లకి దొరికింది, మూడుకి దొరికింది అని మురిసిపోతుంటే, ఆ కూలి చీటీ నా కళ్ళముందు ఆడుతోంది. ఇది చేసిన చేతులకి మర్యాద కాదురా.

నేను: ఆ చేతులకి ఇప్పుడు నేను ఎంతిచ్చినా చేరదు మామయ్యా. యాభై డాలర్లు పెట్టినా దుకాణానికే పోతుంది. వాళ్ళకి ముట్టాల్సింది ఎప్పుడో ముట్టింది.

మామయ్య: ముట్టిందని నీకెవరు చెప్పారు? సరే, ఆ పాతవాళ్ళ మాట వదిలెయ్. నీ సంగతి చెప్పు. పోయిన సంక్రాంతికి వచ్చావు. మా తమ్ముడు నేసిన చొక్కా గుడ్డ చూశావు. మూడు మీటర్లు పద్దెనిమిది వందలన్నాడు. నువ్వేమన్నావు?

నేను: ...పన్నెండొందలకి ఇమ్మన్నాను.

మామయ్య: అడిగావు. వాడు ఇచ్చాడు, మేనల్లుడివని. మీ పిన్నత్త ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నేను నీకు చెప్పలేదు. చవగ్గా దొరకడం నీకు అలవాటైపోయింది. నీ వేళ్ళకి నేత తెలిసింది, నీ నోటికి తెలియలేదు.

(దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా లేదు. ఆ ఆరొందలు నాకు ఇక్కడ ఒక పూట భోజనం. ఆ గుడ్డ చేత్తో నేసిందని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది. ఎలా తెలిసిందంటే, ఈ టైల వల్లే. తెలిసీ బేరమాడాను.)

నేను: తప్పే. పిన్నత్తతో నేను మాట్లాడతాను. ఆ డబ్బు పంపిస్తాను. కానీ మామయ్యా, ఒక్క మాట. నేను అరవై డాలర్ల టైలు కొనే మనిషినే అయితే ఈ కుట్టు గురించి నాకు ఏమీ తెలిసేది కాదు. పెట్టెలోంచి తీసి కట్టుకునేవాణ్ణి. రెండు డాలర్లది కాబట్టే ధైర్యంగా విప్పి చూశాను. మొదటి ఏడాది పాడైపోయిన టైలు నాలుగైదు కొని, దారం లాగి, ముక్కలు విడదీసి, మళ్ళీ కుట్టి నేర్చుకున్నాను. చవక నన్ను చెడగొట్టిందంటే ఒప్పుకుంటాను. నేర్పింది కూడా అదే.

మామయ్య: నేర్చుకున్నవాడు వంద మూటకట్టి తిరిగి ఇచ్చెయ్యి. ఆ ఇంటర్వ్యూ కుర్రాడికి పట్టు టై దొరకనీ.

నేను: వంద కష్టం. అరవై ఇస్తాను.

మామయ్య: ఎనభై.

నేను: సరే, ఎనభై. పురుగు కొట్టినవి కలపకుండా.

(ఐదో టై ఇంకా సంచిలోనే ఉంది. దాన్ని చివరికి ఉంచింది కావాలనే, దాచడం ఎందుకు. బయటికి తీసి ఏం చెప్పకుండా ఆయన ముందు పెట్టాను. రెండున్నర అంగుళాల వెడల్పు. నూలు. ఎరుపు, నీలం, పసుపు గళ్ళు, వెలిసి ఒకదాంట్లోకి ఒకటి ఒదిగిపోయాయి. వెనక కుట్టు పైనుంచి సగం దాకా ఊడిపోయి ఉంది.)

మామయ్య: ఇది... ఇది ఎక్కడిది?

నేను: మిగతావి ఉన్నచోటే.

(ఊడిన చోట వేళ్ళు పెట్టి మెల్లగా తెరిచారు. లోపలి వైపు కూడా రంగు అంతే గాఢంగా ఉంది. నూలుకే రంగు వేసి నేసిన గుడ్డ, అచ్చు కొట్టింది కాదు. నా ఫోను అడిగి, కెమెరా పెద్దది చేసుకుని, గోటితో పోగులు లెక్కపెట్టారు. లావూ సన్నమూ కలిసిన పేకపోగులు ఆ తెర మీద నాక్కూడా కనపడ్డాయి.)

మామయ్య: మగ్గం బట్ట. చేతి మగ్గం.

నేను: పట్టీ మీద అదే ఉంది, ఇండియాలో చేత్తో నేసిందని. మద్రాస్ అంటారు ఇక్కడ. అరవైల్లో కాలేజీ కుర్రాళ్ళు దీనికోసం ఎగబడ్డారు. ఉతికినప్పుడల్లా రంగు దిగుతుంది. దాన్ని లోపమనకుండా, రంగు కారి తీరుతుందని హామీ ఇచ్చి మరీ అమ్మారు. ఏ రెండు చొక్కాలూ ఒకేలా వెలవవని.

మామయ్య: రంగు కారితే మా సంఘంలో బట్ట వెనక్కి పంపేవాళ్ళం.

నేను: ఇది చీరాల నేతేనా?

మామయ్య: ఎలా చెప్తాం? మద్రాసు చుట్టూ ఎన్ని ఊళ్ళు నేశాయి. మా వైపు గళ్ళ రుమాళ్ళు నేసేవాళ్ళు, అవి ఎక్కువగా పడమటి ఆఫ్రికాకి వెళ్ళేవి. మా నాన్న నేసిన రుమాలు ఎవరు కట్టుకున్నారో ఆయనకి చివరిదాకా తెలియదు. ఓడెక్కేదాకానే మనకి తెలిసేది.

(జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి, సింకు దగ్గర తడిపి, టై సన్నటి కొస వెనక అదిమి పట్టారు. తీసేసరికి రుమాలు మీద లేత ఎరుపు గళ్ళు. ఆ గుడ్డకి అరవయ్యేళ్ళు పైబడ్డాయి, ఇంకా రంగు వదులుతోంది. ఆ రుమాలుని ఆయన మడత పెట్టలేదు, కుర్చీ మీద ఆరేశారు.)

నేను: కట్టుకుని చూస్తారా?

మామయ్య: వద్దు. ఒకరు విడిచింది నేను కట్టను. అది మారదు. నువ్వు కట్టుకుంటే మాత్రం ఎండలో కట్టకు. చెమట పడితే తెల్లచొక్కా కాలరు పోతుంది. దీని ధరెంత?

నేను: రెండు డాలర్ల తొంభై తొమ్మిది సెంట్లు.

(ఆయన ఏమీ అనలేదు. సూదిపెట్టె అడిగారు. నా దగ్గరున్న దారాల్లో ఎర్రటిది తీసి, కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగి, కళ్ళజోడు పైకి నెట్టి సూదిలోకి ఎక్కించారు. ఊడిన చోట కిందనుంచి మొదలుపెట్టి, నడుమ కుట్టు వేసుకుంటూ పైకి పోయారు. ప్రతి నాలుగు కుట్లకీ ఒకసారి టైని సాగదీసి, దారం పరుగెత్తుతోందో లేదో చూసుకున్నారు. కొసకి వచ్చాక సూది ఆపి తలెత్తారు.)

మామయ్య: చివర దారం ఎంత వదలాలన్నావు?

నేను: అంగుళం.

(కొలిచి, అంగుళం వదిలి, ముడి వేశారు.)